పాప దాచిన కాటు: గోనెసంచిలో దొరికిన కుక్కపిల్ల కేసు

నేను పశువైద్యురాలిని. వైద్యపరంగా ఈ కేసులో అరుదైనదేమీ లేదు. గజ్జి, గోమార్లు, కొంకిపురుగులు, రక్తహీనత: వీధిలో పుట్టి వానలో నానిన కుక్కపిల్లల్లో ఇవన్నీ కలిసే కనిపిస్తాయి. అయినా రాస్తున్నాను. కుక్కపిల్లను బతికించే పనిలో పడి, ఆ ఇంట్లో అందరికంటే ప్రమాదంలో ఉన్న మనిషిని నేను నాలుగు రోజుల పాటు గుర్తించలేదు. ఆ పాప రోజూ నా ఎదురుగానే కూర్చుంది. కుటుంబం ఒప్పుకున్నాకే ఇది రాశాను. వారిని గుర్తుపట్టే వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను. కుక్కపిల్లను ఇక్కడ చిట్టి అని పిలుస్తాను.

నేపథ్యం

కోస్తాలో ఒక మధ్యరకం పట్టణం. శ్రావణమాసం, నాలుగు రోజులుగా ముసురు. ఇంట్లో తండ్రి, తల్లి, తొమ్మిదేళ్ళ పాప, డెబ్బై దాటిన నాయనమ్మ. సొంత ఇల్లు, ముందు వసారా, వెనక చిన్న పెరడు. అంతకుముందు ఎప్పుడూ కుక్కను పెంచలేదు. నాయనమ్మ మడి పాటిస్తారు. ఇంట్లో గుడ్డు కూడా ముట్టరు.

బడి నుంచి వస్తున్న పాప కాలవగట్టు మీద ఒక గోనెసంచి కదలడం చూసి మూతి విప్పింది. లోపల మూడు కుక్కపిల్లలు. రెండు అప్పటికే చనిపోయాయి. మూడోది ఆడది. ఇలా సంచుల్లో కట్టి వదిలేసిన పిల్లలు మా దగ్గరకు వచ్చినప్పుడు చాలావరకు ఆడవే ఉంటాయి. మగపిల్లను ఎవరో ఒకరు తీసుకుపోతారు. ఆడదైతే ఏడాది తిరక్కుండా పిల్లలు పెడుతుందని ఊరవతలకు చేరుస్తారు.

పాప దాన్ని బడి సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చింది. రాత్రి చాలాసేపు వాదన జరిగింది. చివరికి తండ్రి ఒప్పుకున్నారు. “ఉంచుకుందాం. కానీ ఎవరినైనా కరిచిందంటే మాత్రం ఎక్కడ దొరికిందో అక్కడే వదిలేసి వస్తాను” అన్నారు. ఈ కేసంతా ఆ మాట చుట్టూ తిరిగింది. అది నా చెవిన పడింది ఐదో రోజున.

మర్నాడు పొద్దున ఇంటివాళ్ళు ప్రేమతో మూడు పనులు చేశారు. బురదగా ఉందని కుళాయి కింద స్నానం చేయించారు. దురద తగ్గాలని కొబ్బరినూనెలో కర్పూరం కలిపి ఒళ్ళంతా రాశారు. ఆకలిగా ఉందని గిన్నె నిండా గేదెపాలు పట్టారు. పది గంటలకు చిట్టి కాళ్ళు వేలాడేసింది. అప్పుడు నా దగ్గరకు తెచ్చారు.

వచ్చినప్పటి స్థితి

బరువు 1.4 కిలోలు. పాలపళ్ళన్నీ వచ్చి ఉన్నాయి కాబట్టి వయసు 8 వారాలు, అటూ ఇటూగా. ఒంటి వేడి 96.4 డిగ్రీల ఫారెన్‌హీట్. కుక్కలకు 101 నుంచి 102.5 వరకు ఉండాలి. చిగుళ్ళు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. డొక్కలు ఎగదన్నుకుని, పొట్ట మాత్రం కుండలా ఉంది. చెవుల అంచులు, మోచేతులు పెచ్చులు కట్టాయి. చెవి అంచును వేళ్ళ మధ్య రుద్దితే వెనక కాలు దానంతటదే గోక్కున్నట్టు ఆడింది. గజ్జి ఉందనడానికి అది బలమైన గుర్తు. కాలివేళ్ళ సందుల్లో, చెవుల లోపల గోమార్లు గుత్తులుగా ఉన్నాయి. నోటి నుంచి చొంగ కారుతోంది.

రక్తంలో చక్కెర 48, బాగా తక్కువ. ఎర్రకణాల వాటా (పీసీవీ) 18 శాతం. ఆ వయసులో 30కి అటూ ఇటూ ఉండవలసింది.

చొంగ గురించి కాస్త ఆగి చెప్పాలి. వీధికుక్కకు చొంగ కారుతోందంటే మొదట తలచుకోవలసింది రేబిస్‌ను. ఎనిమిది వారాల పిల్ల అయినా సరే. నేను తలచుకున్నాను. కానీ ఒళ్ళంతా కర్పూరం వాసన కొడుతోంది, దాన్ని నాకిన పిల్లకు చొంగ కారడం మామూలే. రేబిస్‌లోలా దవడ జారిపోలేదు, మింగుతోంది. అందుకే కర్పూరం వల్లనే అనుకున్నాను. మా సహాయకురాలికీ నాకూ ముందుజాగ్రత్త టీకాలు ఉన్నాయి. చేతి తొడుగులు వేసుకున్నాం. తండ్రి వైపు తిరిగి, “ఎవరినైనా కరిచిందాండీ?” అని అడిగాను. “లేదండీ, నోరు విప్పే ఓపిక కూడా లేదు దానికి” అన్నారు. కేసు కాగితం మీద “కాటు లేదు” అని రాసుకున్నాను. తండ్రి పక్కనే నిలబడి ఉన్న పాప చేతులు వెనక్కి పెట్టుకుని ఉంది. అది ఇప్పుడు గుర్తొస్తోంది. అప్పుడు నాకు పట్టలేదు.

మొదటి రోజు: వరుస గురించి

ఆ కుటుంబం చేసిన పనుల్లో కర్పూరం తప్ప మిగతావి చెడ్డవి కావు. స్నానం కావాలి, తిండి కావాలి. ఆ పూటకు వద్దు, అంతే. నా ముందూ అదే ప్రశ్న ఉంది: ఇన్నింటిలో ఏది ముందు?

వేడి ముందు. చల్లబడిన కుక్కపిల్ల పేగులు కదలవు. అలాంటప్పుడు నోట్లో పోసింది కడుపులో నిలిచిపోతుంది, లేదా పొరమారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒంటి మీద నూనెను పొడిబట్టతో తుడిపించాను, మళ్ళీ స్నానం చేయించలేదు. వేడినీళ్ళ సీసాలను తువ్వాలులో చుట్టి రెండు పక్కలా పెట్టాం. ఒకేసారి వేడెక్కిస్తే చర్మంలోని రక్తనాళాలు తెరుచుకుని రక్తపోటు పడిపోతుంది కాబట్టి గంటన్నర పట్టనిచ్చాను. ఈలోగా చిగుళ్ళకు చక్కెర నీళ్ళు రుద్దుతూ, సన్న సూదితో గ్లూకోజు నెమ్మదిగా ఎక్కించాం. వేడి 99 దాటాక చిట్టి తల ఎత్తింది. అప్పుడు పలచని జావ రెండు చెంచాలు. ఆ తర్వాత రెండేసి గంటలకు ఒకసారి, అంతే కొలతలో.

తర్వాత కొంకిపురుగుల మందు. ఇంత నీరసంలో పురుగుల మందు వద్దనే అభిప్రాయం మాలో కొందరికి ఉంది. నేను ఇచ్చాను. కొంకిపురుగు పేగు గోడను పట్టుకుని రక్తం పీలుస్తుంది. వదిలేసిన చోట కూడా కాసేపు రక్తం కారుతూనే ఉంటుంది. అవి ఉన్నంతసేపు ఎంత పోసినా చిల్లుకుండలో నీళ్ళే. నేనిచ్చిన మందు పైరాంటెల్ పేగు దాటి ఒంట్లోకి పెద్దగా ఇంకదు, ఈ వయసు పిల్లలకు భద్రం. కండరాల్లో దాగిన లార్వాలు తర్వాత పేగుకు చేరతాయి కాబట్టి రెండు వారాలకు మళ్ళీ ఇవ్వాలని అప్పుడే రాసిచ్చాను.

రక్తం ఎక్కించాలా? ఇది తేలని ప్రశ్న. మా పట్టణంలో కుక్కలకు రక్తనిధి లేదు. చిట్టి గుండె వేగంగా కొట్టుకుంటోంది గానీ పడుకున్నప్పుడు ఆయాసం లేదు. అంటే రక్తం వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గింది, ఒళ్ళు దానికి అలవాటు పడింది. 18 అన్న అంకె ఒక్కటే చూసి ఎక్కించదలచుకోలేదు. 15కి దిగినా, కదలకుండా ఉన్నప్పుడు రొప్పినా ఎక్కిద్దామని గీత గీసుకున్నాను. టీకాలన్నీ వేయించుకున్న ఒక పెద్ద కుక్క యజమానికి ఫోన్ చేసి, అవసరమైతే తీసుకురమ్మని చెప్పి ఉంచాను. ఆ అవసరం రాలేదు. మూడో రోజుకు 19, ఏడో రోజుకు 22.

గోమార్లను ఆ రోజు పట్టకారుతో తీశాం, అంతే. గోమార్లను చంపే ఫిప్రోనిల్ స్ప్రే చిన్న కుక్కపిల్లలకు కూడా వాడవచ్చు, కానీ అందులో ఆల్కహాలు ఉంటుంది. ఆరేటప్పుడు ఒళ్ళు చల్లబడుతుంది. మూడో రోజు, వేడి నిలకడగా ఉన్నాక కొట్టాం. గజ్జికి, గోమార్లకు నేను వాడే నమలే మాత్రకు 8 వారాల వయసుతో పాటు 2 కిలోల బరువు కూడా ఉండాలి. కాబట్టి గజ్జికి అసలు మందు ఆగింది.

ఫలించనివి

చిట్టిని పెరట్లో, రేకు కింద, తాడుతో కట్టి పడుకోబెట్టారు. మడి సంగతి తెలుసు కాబట్టి నేనూ కాదనలేదు. రాత్రంతా ఏడ్చింది. తోబుట్టువుల వెచ్చదనంలో పెరగవలసిన వయసు అది. ఒంటరితనం దానికి చలి లాంటిదే. రెండో రాత్రి పక్కింటివారు వచ్చి అడిగారు. తండ్రి ఓపిక తగ్గింది. గిన్నె దగ్గరకు వెళితే గుర్రుమంటోందని చుట్టిన వార్తాపత్రికతో ఒకటి వేశారు. గుర్రు ఆగింది. కానీ ఆ తర్వాత ఆయన అడుగుల చప్పుడు వినిపిస్తే చాలు, చిట్టి ఉన్నచోటే ఉచ్చపోసుకునేది. మాట విందని ఆయన అనుకున్నారు. హెచ్చరిక పోయింది, భయం అలాగే ఉంది. గుర్రుమనకుండా కరిచే కుక్కలు ఇలాగే తయారవుతాయి.

గజ్జి నిర్ధారణ కూడా తడబడింది. చర్మం గీకి సూక్ష్మదర్శినిలో రెండుసార్లు చూశాను. ఒక్క పురుగూ దొరకలేదు. గజ్జిపురుగు చర్మం లోపల సొరంగాలు తవ్వుకుంటుంది, గీకినప్పుడు దొరకకపోవడం తరచూ జరిగేదే. అయినా సందేహం సందేహమే.

ఐదో రోజు

ఆ పొద్దున తల్లి, తన ముంజేతుల మీద, పాప చేతుల మీద ఎర్రటి దద్దుర్లు లేచాయని చెప్పారు. కుక్క గజ్జి మనుషుల చర్మం మీద ఎక్కువ కాలం నిలవదు గానీ, ఎత్తుకున్నచోట కొద్ది రోజుల్లోనే దద్దుర్లు, దురద వస్తాయి. సూక్ష్మదర్శిని చెప్పనిది వీళ్ళ చేతులు చెబుతున్నాయి. చూద్దామని పాప చెయ్యి తిప్పాను. బొటనవేలి మొదట్లో రెండు చిన్న గుంటలు, పైన ఎండిన పెచ్చు. పాలపళ్ళు సూదుల్లా ఉంటాయి. అవి దిగిన గుర్తును పొరబడే అవకాశం లేదు.

“ఎప్పుడమ్మా?” అన్నాను. పాప తండ్రి వైపు చూసింది, ఏమీ చెప్పలేదు.

అక్కడ తొందరపడకుండా ఉండటమే నేను ఈ కేసులో చేసిన మంచి పని అనుకుంటాను. తండ్రిని బయటికి పంపలేదు. పంపితే ఆ భయం నిజమే అని పాపకు నేనే చెప్పినట్టవుతుంది. ఆయన్నే అడిగాను: “ఇది కరిచి ఉంటే ఏం చేస్తారు?” ఆయనకు ఒక్క క్షణంలో అర్థమైంది. కూతురి ముందు కింద కూర్చుని, “నేనన్న మాట తప్పమ్మా. చిట్టి ఎక్కడికీ పోదు. నువ్వు చెప్పు” అన్నారు. అప్పుడు ఏడుస్తూ చెప్పింది. తెచ్చిన రాత్రే, పాలలో బిస్కెట్టు నానబెట్టి పెట్టి, ఇంకొంచెం కలుపుదామని తింటుండగా గిన్నెలో చెయ్యి పెట్టిందట. రక్తం వచ్చిందట. గౌనుకు తుడుచుకుని పడుకుందట.

రక్తం వచ్చిన కాటు ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో మూడోది, అన్నింటికంటే తీవ్రమైనది. పుండును సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాలు కడగాలి, ఆలస్యమైనా కడగాలి. మా క్లినిక్ కుళాయి దగ్గరే కడిగించాను. టీకాతో పాటు పుండు చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌ను అడ్డుకునే సిద్ధంగా ఉన్న ప్రతిరక్షకాలు) కూడా వేయాలి. టీకా పనిచేయడానికి పట్టే ఆ కొద్ది రోజుల్లో కాపాడేది అదే.

తండ్రి అడిగారు: “చిట్టికే ఇప్పుడు టీకా వేసేస్తే సరిపోదా, డాక్టర్ గారూ?” సరిపోదు. కాటుతో వైరస్ వచ్చి ఉంటే అది ఇప్పటికే పాప ఒంట్లో ఉంటుంది. కుక్కకు వేసిన టీకా అక్కడికి చేరదు. “మరి పది రోజులు కుక్కను చూడాలంటారు కదా, చూశాక వేయిద్దామా?” ఇది చాలా ఇళ్ళలో ప్రాణం తీసే ఆలోచన. వైరస్ కుక్క లాలాజలంలోకి వచ్చేది జబ్బు బయటపడటానికి కొద్ది రోజుల ముందే. అందుకే కరిచాక 10 రోజులు కుక్క ఆరోగ్యంగా ఉంటే ఆ కాటు వల్ల రేబిస్ రాదని తేలుతుంది. కానీ ఆ 10 రోజులూ చికిత్స మొదలుపెట్టకుండా కూర్చోవడానికి కాదు. మొదలుపెట్టి చూడాలి. ఇంకో మాట కూడా చెప్పాను. పది రోజుల గండం గడిస్తే తేలేది ఆ ఒక్క కాటు సంగతే. కుక్కల్లో రేబిస్ వారాలు, ఒక్కోసారి నెలలు దాగి ఉంటుంది. చిట్టికి తల్లి ఎవరో, సంచిలోకి రాకముందు దాన్ని ఏం కరిచిందో మనకు తెలియదు. మళ్ళీ కరిస్తే మళ్ళీ మొదటి నుంచి లెక్క.

ఈసారి ప్రశ్న మార్చి అందరినీ అడిగాను. “కరిచిందా?” అనలేదు. “చిట్టి నోరు ఎవరెవరికి, ఎక్కడెక్కడ తగిలింది?” అన్నాను. తల్లికి చేతులు నాకింది, నాకిన చోట చర్మం ఎక్కడా చిట్లలేదు. దానికి చికిత్స అక్కర్లేదు. నాయనమ్మ తటపటాయించి, “పొద్దున పూట నా పాదాలు నాకుతుంది, డాక్టరమ్మా” అన్నారు. ఆమె మడమలు పగిలి, ఎర్రగా చీలికలు కనిపిస్తున్నాయి. చీలిన చర్మం మీద లాలాజలం పడటం కూడా మూడో వర్గమే. మడి కోసం కుక్కను పెరట్లో ఉంచిన మనిషి, తెల్లవారుజామున ఎవరూ లేవకముందు దాని పక్కన కూర్చుంటున్నారన్నమాట.

ఇద్దరూ ఆ మధ్యాహ్నమే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళారు. మనుషులకు ఏం వేయాలన్నది అక్కడి వైద్యుల నిర్ణయం. నేను ఒక ఉత్తరంలో కాటు తేదీ, కుక్క స్థితి, పది రోజులు ముగిసే తేదీ రాసిచ్చాను. ఇద్దరికీ ఇమ్యునోగ్లోబులిన్ ఇచ్చి, చర్మంలో వేసే టీకా 0, 3, 7, 28 రోజుల లెక్కన మొదలుపెట్టారు.

ఆరో రోజు నుంచి పదో రోజు వరకు

ఆరో రోజు రాత్రి చిట్టి వాంతి చేసుకుని, రక్తం కలిసిన విరేచనం పెట్టింది. నాకు రెండు భయాలు. ఒకటి పార్వో, కుక్కపిల్లల పేగులను దెబ్బతీసే ప్రాణాంతక వైరస్ జబ్బు. రెండోది ఇంకా బరువైనది: పది రోజుల లోపు ఇది చనిపోతే, ఎందుకు చనిపోయిందో ఎలా చెప్పగలం? రేబిస్ కాదని తేల్చాలంటే మెదడు నమూనాను పరీక్షకు పంపాలి. ఈ మాట ఆ కుటుంబానికి అప్పుడే చెప్పాను, పాప లేని సమయంలో. జరగరానిది జరిగితే పెరట్లో పూడ్చవద్దు, నాకు ఫోన్ చేయండి అని. చెప్పడం కష్టమైంది. కానీ ఏడుస్తూ పూడ్చేశాక చెబితే ప్రయోజనం లేదు.

పార్వో పరీక్షలో లేదని వచ్చింది. తొలి దశలో ఆ పరీక్ష తప్పిపోవచ్చు కాబట్టి చిట్టిని విడిగా ఉంచి, ఉన్నదన్నట్టే నడుచుకున్నాం. గిన్నెలు, నేల బ్లీచింగ్ నీళ్ళతో కడిగాం. మలంలో కొంకిపురుగు గుడ్లతో పాటు కాక్సిడియా అనే పేగు సూక్ష్మజీవి కనిపించింది. అదీ కాక, “పాలు తాగే పిల్ల కదా” అని నాయనమ్మ చెంచాతో గేదెపాలు పడుతూనే ఉన్నారని తెలిసింది. ఆమెను తప్పుపట్టలేదు. మొదటి రోజు నేను “పాలు వద్దు” అన్నానే తప్ప ఎందుకో చెప్పలేదు. గేదెపాలలోని చక్కెర, కొవ్వు దెబ్బతిన్న పేగుకు అరగవని చెప్పాక మానేశారు. రెండు రోజుల సెలైన్, సల్ఫా మందు. ఎనిమిదో రోజుకు విరేచనం గట్టిపడింది. పదో రోజు సాయంత్రం చిట్టి ఒక చెప్పును వసారా అంతా ఈడ్చుకు తిరుగుతోందని ఫోన్ వచ్చింది. ఆసుపత్రి వైద్యుడికి ఆ సంగతి రాసి పంపాను. ఆయన ఇద్దరికీ టీకా వరుస పూర్తి చేయించారు.

ఫలించినవి

పడక మారింది. నాయనమ్మ మంచం పక్కన, వసారాలో, అట్టపెట్టెలో పాత నూలుచీర. ఆ స్థలం ఆమే చూపించారు. మొదటి రాత్రే ఏడుపు సగం తగ్గింది.

గిన్నె దగ్గర గుర్రుకు వైద్యం ఇంకో గిన్నె. ఆకలితో చావు దాకా వెళ్ళిన పిల్లకు గిన్నె వైపు వచ్చే చెయ్యి దొంగ చెయ్యే. ఆ చెయ్యి ఎప్పుడూ తీసుకోదు, ఇస్తుంది అని దానికి తెలియాలి. కాబట్టి తినేటప్పుడు ఎవరూ గిన్నె ముట్టకూడదు. రెండు బారల దూరం నుంచి వెళుతూ, గిన్నెలో ఉన్నదానికంటే రుచైనదొకటి దాని వైపు విసిరి ఆగకుండా వెళ్ళిపోవాలి. ఈ పని పెద్దవాళ్ళదే, పాపది కాదు. వారంలో చిట్టి మనిషి వస్తుంటే తోక ఊపుతూ తలెత్తి చూడటం మొదలుపెట్టింది. తండ్రితో మాత్రం మూడు వారాలు పట్టింది. ఆయన రోజూ సాయంత్రం నేల మీద కూర్చుని, పక్కకు తిరిగి, ఒక్కో పనీర్ ముక్క వదిలేవారు. చిట్టే దగ్గరకు వచ్చేదాకా ముట్టుకోలేదు.

తిండి సంగతిలో ఇంటివారి పద్ధతిని గౌరవించే దారి వెతికాను. ఉత్త పెరుగన్నంతో ఎదిగే కుక్కపిల్లకు మాంసకృత్తులు, కాల్షియం చాలవు. కాళ్ళు వంకర తిరుగుతాయి. గుడ్డు వద్దన్నారు కాబట్టి కుక్కపిల్లల పొడి ఆహారాన్ని నీళ్ళలో నానబెట్టి, వసారాలో విడి డబ్బాలో ఉంచుకునే ఏర్పాటు చేశాం. నాయనమ్మ ఒప్పుకున్నారు.

మూడు వారాలకు బరువు 2.1 కిలోలు, పీసీవీ 29. అప్పుడు ఇన్నాళ్ళూ ఆపిన ఆ నమలే మాత్ర, అఫాక్సోలానర్, ఇచ్చాను. గజ్జి, గోమార్లు రెండూ దానితోనే పోయాయి. తల్లీకూతుళ్ళ దద్దుర్లూ మానాయి. మొదటి కలగలుపు టీకాను పదిహేనో రోజు దాకా ఆపాను. జబ్బులో ఉన్న ఒళ్ళు టీకాకు సరిగా స్పందించదు. కానీ ఆ ఆలస్యానికి ఒక వెల ఉంది. కుక్కపిల్ల మనుషులకూ చప్పుళ్ళకూ అలవాటు పడే కాలం 12, 14 వారాలకు మూసుకుపోతుంది. టీకాలు 16 వారాలు నిండేదాకా పూర్తికావు. అందుకని నేల మీద దింపకుండా, చంకన వేసుకుని రోజూ వీధి చివరి దాకా తిప్పమన్నాను: ఆటోలు, గుడి గంట, కొబ్బరిబొండాల బండి. మూడు నెలలు నిండాక రేబిస్ టీకా వేశాను.

ఈ కేసు తర్వాత మార్చుకున్నవి

“కాటు లేదు” అన్న గడిని మా కేసు కాగితం నుంచి తీసేశాను. దాని స్థానంలో ఇంట్లో ఒక్కొక్కరి పేరు, నోరు ఎక్కడ తగిలిందన్న ఖాళీ ఉన్నాయి. పిల్లలున్న ఇంటి నుంచి వీధి కుక్కపిల్ల వస్తే, పరీక్ష మొదలుపెట్టకముందే పిల్లలతో, వాళ్ళ అమ్మానాన్నల ఎదుటే అంటాను: “ఇది కరిచినా, గీరినా నాకు చెప్పండి. చెప్పినందుకు దీన్ని ఎవరూ పంపేయరు.” ఆ తర్వాత పెద్దవాళ్ళ వైపు చూసి, వాళ్ళు అవునని తలూపేదాకా ఆగుతాను. తర్వాత చేతులు చూపించమంటాను. ఇలా అడగడం మొదలుపెట్టాక అంతకుముందు వినని గీతలు, గాట్లు వింటున్నాను.

కరిస్తే వదిలేస్తామనే మాట చాలా ఇళ్ళలో వినిపిస్తుంది. బాధ్యత నేర్పుతున్నామనుకుని అంటారు. ఆ మాట కుక్కకు అర్థం కాదు. అర్థమయ్యేది పిల్లలకే, వాళ్ళు దాన్ని పూర్తిగా నమ్ముతారు.

చిట్టికి ఆరో నెలలో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేశాను. కుట్లు విప్పే రోజున పాప ఒక్కతే లోపలికి వచ్చి, అడగకుండానే ఎడమ మోచెయ్యి చూపించింది. “ఆంటీ, నిన్న ఆడుకుంటుంటే పన్ను గీరింది. రక్తం రాలేదు. అయినా సబ్బుతో పావుగంట కడిగాను, నాన్న గడియారం చూశారు.” గీత సన్నగా, ఎర్రగా ఉంది. తండ్రి అప్పటికే గుమ్మంలో బండి తాళం పట్టుకుని, ఆసుపత్రి చీటీతో నిలబడి ఉన్నారు.